ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల సంఖ్య ఎంత పెరిగిందో లెక్కగట్టడం ఎలా?

దేశంలో ఉపాధ్యాయుల సంఖ్య తొలిసారి కోటి దాటిందన్న వార్త 2025 ఆగస్టు నెలాఖరున దాదాపు అన్ని పత్రికల్లోనూ వచ్చింది. కేంద్ర విద్యాశాఖ విడుదల చేసిన యూడైస్ ప్లస్ (దేశంలోని బళ్ల వివరాలను ఏటా నమోదు చేసే వ్యవస్థ) నివేదిక ప్రకారం 2024-25 విద్యా సంవత్సరంలో ఆ సంఖ్య 1,01,22,420. ఆ వార్త వచ్చిన వారంలోపే ఇద్దరు పరిశోధక విద్యార్థులు, ఒక ఉపాధ్యాయ సంఘ కార్యకర్త నన్ను ఒకే ప్రశ్న అడిగారు: ఇందులో హైస్కూల్ టీచర్లు ఎంతమంది, స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి వాళ్ల సంఖ్య ఎంత పెరిగింది? వాళ్లకు నేను విడివిడిగా చెప్పిన సంగతులనే ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను. లెక్కల ఉపాధ్యాయుడిగా చాలా ఏళ్లు బడి తరఫున యూడైస్ ఫారాలు నింపినవాణ్ణి కాబట్టి, ఆ అంకెలు ఏ చేతుల మీదుగా పైకి వెళతాయో నాకు కొంత తెలుసు. ఉపాధ్యాయుల సంఖ్య అనేది దానంతట అది ఏమీ చెప్పదనీ, ఎవరిని లెక్కపెట్టారో, ఏ తరగతుల పిల్లల పక్కన పెట్టి చూస్తున్నామో తేల్చుకున్న తర్వాతే దానికి అర్థం వస్తుందనీ నా గట్టి నమ్మకం. కింది పద్ధతి అంతా ఆ నమ్మకం మీద కట్టిందే.

ముందుగా ‘సెకండరీ’ అంటే ఏమిటో రాసి పెట్టుకోండి

కాగితం మీద మొదటి అంకె వేయకముందే చేయవలసిన పని ఇది. మన దేశంలో సెకండరీ అనే మాటకు కనీసం మూడు కొలతలున్నాయి. పాత లెక్కల్లో సెకండరీ అంటే 9, 10 తరగతులు, హయ్యర్ సెకండరీ అంటే 11, 12 తరగతులు. 2020 జాతీయ విద్యావిధానం 5+3+3+4 విధానాన్ని ప్రతిపాదించిన తర్వాత 9 నుంచి 12 వరకు ఉన్న నాలుగు తరగతులను కలిపి సెకండరీ దశ అంటున్నారు. ఇక యునెస్కో, ప్రపంచ బ్యాంకు పట్టికలలో ‘సెకండరీ ఉపాధ్యాయులు’ అన్న వరుస తీసుకుంటే, భారతదేశం విషయంలో అందులో 6 నుంచి 12 దాకా బోధించేవారంతా వస్తారు. మనం ప్రాథమికోన్నత అని పిలుచుకునే 6, 7, 8 తరగతులు వారి భాషలో దిగువ సెకండరీ. అందువల్ల ప్రపంచ బ్యాంకు పట్టికలోని అంకెనూ, యూడైస్ ప్లస్ అంకెనూ ఒకే గీత మీద చుక్కలుగా పెడితే ఆ గీత ఎంత అందంగా కనిపించినా అది తప్పు గీతే.

ఈ తేడా ఎంత పెద్ద పొరపాటుకు దారి తీస్తుందో ఒక ఉదాహరణ చూడండి. 2021-22లో సెకండరీ స్థాయిలో ఒక ఉపాధ్యాయుడికి 18 మంది విద్యార్థులని నివేదిక చెప్పింది. 2024-25 నివేదికలో సెకండరీ స్థాయిలో ఆ నిష్పత్తి 21 అని ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినవారు మూడేళ్లలో పరిస్థితి దిగజారిందని అనుకుంటారు. నిజానికి మొదటి అంకె 9, 10 తరగతులది, రెండవది 9 నుంచి 12 వరకు నాలుగు తరగతులది. 2021-22లోనే 11, 12 తరగతుల నిష్పత్తి 27గా ఉంది. ఆ 18నీ ఈ 27నీ కలిపి చూసుకున్నాకే 21తో పోల్చాలి. అలా చూస్తే దిగజారిందని చెప్పడానికి ఆధారం మిగలదు. పదేళ్ల వెనక్కి వెళ్లి అదే నాలుగు తరగతుల నిర్వచనంతో చూస్తే 2014-15లో 31గా ఉన్న నిష్పత్తి 2024-25 నాటికి 21కి తగ్గింది. నిర్వచనం మారకుండా చేసిన పోలిక కాబట్టి దీన్ని ధైర్యంగా వాడుకోవచ్చు.

తెలుగు రాష్ట్రాల లెక్క తీసేవారు ఇక్కడ మరో విషయం గమనించాలి. మన దగ్గర 11, 12 తరగతులు ఎక్కువగా బడిలో కాకుండా జూనియర్ కళాశాలలో ఉంటాయి. అక్కడ పాఠం చెప్పేవారిని జూనియర్ లెక్చరర్లు అంటాం, వారి శాఖ వేరు, నియామక మార్గం వేరు. చాలా ఉత్తరాది రాష్ట్రాలలో అవే తరగతులు ఇంటర్ కళాశాల అనో, హయ్యర్ సెకండరీ పాఠశాల అనో పేరున్న బడిలోనే నడుస్తాయి. కనుక రాష్ట్రాలను పోల్చేటప్పుడు జూనియర్ లెక్చరర్లను కలిపారా, విడిచారా అన్నది ముందే చూసుకుని మీ పట్టిక కింద ఒక వాక్యంగా రాయండి.

ఆ తర్వాత, ఎవరిని లెక్కపెట్టారో అడగండి

ఉపాధ్యాయుణ్ణి మూడు రకాలుగా లెక్కపెట్టవచ్చు: అతడు పనిచేసే బడి రకాన్ని బట్టి, అతడు బోధించే తరగతులను బట్టి, అతడి పోస్టును బట్టి. ఈ మూడూ మూడు వేర్వేరు సంఖ్యలను ఇస్తాయి.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలనే తీసుకుందాం. అక్కడ తరగతులు 6 నుంచి 10 వరకు. గణితం స్కూల్ అసిస్టెంట్ (పై తరగతులకు ఒక సబ్జెక్టు బోధించే ఉపాధ్యాయ పోస్టు ఇది) ఉదయం పదో తరగతికి త్రికోణమితి చెప్పి, మధ్యాహ్నం ఆరో తరగతికి భిన్నాలు చెబుతాడు. బడి రకం ప్రకారం అతడు హైస్కూల్ ఉపాధ్యాయుడే. బోధించే తరగతుల ప్రకారం అతడు యూడైస్ ఫారంలో ‘ప్రాథమికోన్నత మరియు సెకండరీ’ అనే కోడ్ కిందికి వస్తాడు. పోస్టు ప్రకారం స్కూల్ అసిస్టెంట్. కాని స్కూల్ అసిస్టెంట్లు అందరూ హైస్కూళ్లలోనే ఉండరు, ప్రాథమికోన్నత పాఠశాలల్లోనూ ఉంటారు. ఫారం నింపేటప్పుడు ఆ కోడ్ దగ్గర ఒక అంకె తప్పుగా వేస్తే ఒక మనిషి ఒక వరుస నుంచి మరో వరుసకు మారిపోతాడు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఒక ఏడాది అలాగే జరిగింది. ఆరుగురు ఉపాధ్యాయులకు ‘సెకండరీ మాత్రమే’ అన్న కోడ్ పడింది, మరుసటి ఏడాది సరిచేశారు. ఆ రెండేళ్ల కాగితాలు చూసినవారికి ఆ బడిలో సెకండరీకే పరిమితమైన ఆరుగురు ఒక్కసారిగా మాయమైనట్టు కనిపిస్తుంది, బడిలో మాత్రం ఒక్క కుర్చీ కూడా ఖాళీ కాలేదు.

బడి రకం ప్రకారం లెక్కపెట్టడమే పాత ప్రభుత్వ గణాంకాలలో ఆనవాయితీ. అది తెలియక పాత అంకెలతో భాగహారం చేస్తే ఎక్కడికి చేరతామో ఇప్పుడు చూద్దాం.

దీర్ఘకాలపు పట్టిక వేయడం

కేంద్ర ప్రభుత్వం ప్రచురించిన విద్యా గణాంకాలలో ఉన్నత, హయ్యర్ సెకండరీ పాఠశాలల అంకెలు పదేళ్లకొకటి చొప్పున ఇలా ఉన్నాయి. ముందు పాఠశాలల సంఖ్య, తర్వాత ఉపాధ్యాయుల సంఖ్య, చివర 9 నుంచి 12 తరగతుల విద్యార్థుల సంఖ్య ఇస్తున్నాను.

1950-51: 7.4 వేల పాఠశాలలు, 1.27 లక్షల ఉపాధ్యాయులు, 15 లక్షల విద్యార్థులు
1960-61: 17.3 వేలు, 2.96 లక్షలు, 34 లక్షలు
1970-71: 37.1 వేలు, 6.29 లక్షలు, 76 లక్షలు
1980-81: 51.6 వేలు, 9.26 లక్షలు, 110 లక్షలు
1990-91: 79.8 వేలు, 13.34 లక్షలు, 191 లక్షలు
2000-01: 126 వేలు, 17.61 లక్షలు, 276 లక్షలు

ఈ ఆరు వరుసలను చేత్తో ఒక కాగితం మీద రాసుకోమని నా సలహా. కంప్యూటర్ తెర మీద చూసిన దానికంటే చేత్తో రాసిన అంకె మనసులో నిలుస్తుంది, అనుమానం కూడా అక్కడే పుడుతుంది.

మొదట మొత్తం పెరుగుదల చూడండి. యాభై ఏళ్లలో 1.27 లక్షలు 17.61 లక్షలయ్యాయి, అంటే దాదాపు 14 రెట్లు. ఇదే కాలంలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు 5.38 లక్షల నుంచి 18.96 లక్షలకు, అంటే మూడున్నర రెట్లు మాత్రమే పెరిగారు. 1950-51లో ప్రాథమిక, ప్రాథమికోన్నత, ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులందరిలో ఉన్నత పాఠశాలల వాటా 17 శాతం. 2000-01 నాటికి అది 35 శాతం. దేశపు బోధన బలం క్రమంగా పై తరగతుల వైపు జరిగిందన్న మాట.

తర్వాత వార్షిక వృద్ధిరేటు. పదేళ్ల చివరి అంకెను మొదటి అంకెతో భాగించి, వచ్చినదానికి పదో మూలం తీసి, అందులోంచి 1 తీసివేసి, మిగిలినదాన్ని 100తో గుణించాలి. అలా చేస్తే 1950ల దశకంలో ఏటా సుమారు 8.8 శాతం, 1960లలో 7.8, 1970లలో 3.9, 1980లలో 3.7, 1990లలో 2.8 శాతం వస్తాయి. శాతాలను మాత్రమే చూసినవారు వేగం పడిపోయిందంటారు. కాని అదే కాగితం మీద తీసివేత కూడా చేయండి: 1950లలో కొత్తగా చేరిన నికర సంఖ్య 1.69 లక్షలు, 1990లలో 4.27 లక్షలు. శాతం మూడో వంతుకు పడిపోయిన దశకంలోనే మనుషుల సంఖ్య రెండున్నర రెట్లు పెరిగింది. పునాది చిన్నదైనప్పుడు శాతం పెద్దగా కనిపిస్తుంది, పునాది పెద్దదయ్యాక చిన్నగా కనిపిస్తుంది. కాబట్టి ఈ రెండింటిలో ఒక్కదాన్నే రాసి ఊరుకోవడం పాఠకుడికి అన్యాయం చేయడమే.

మూడో భాగహారం చాలామంది చేయరు, నాకు మాత్రం అన్నిటికంటే విలువైనదిగా అనిపిస్తుంది. ఉపాధ్యాయుల సంఖ్యను పాఠశాలల సంఖ్యతో భాగించండి. 1950-51లో బడికి 17 మంది. 1960-61లోనూ 17, 1970-71లోనూ 17, 1980-81లో 18, 1990-91లో దాదాపు 17. ముప్పై నలభై ఏళ్లు ఒకే చోట నిలిచిన ఈ సంఖ్య 2000-01లో 14కి పడింది. ఆ పదేళ్లలో 46 వేల కొత్త ఉన్నత పాఠశాలలు లెక్కలోకి వచ్చాయి, ఉపాధ్యాయులు 4.27 లక్షలు పెరిగారు. అంటే పెరిగిన ఒక్కో బడికి తొమ్మిది మంది చొప్పున మాత్రమే పెరిగారు. ఉపాధ్యాయుల గీత ఒక్కటే చూస్తే 1990లు ఘనమైన దశకం, ఎందుకంటే మనుషుల సంఖ్య అన్ని దశకాలకంటే ఆ దశకంలోనే ఎక్కువ పెరిగింది. బళ్ల గీత పక్కన పెడితే అదే దశకంలో బడి పలచబడింది.

విద్యార్థుల పక్కన పెట్టినప్పుడు వచ్చే చిక్కు

ఇప్పుడు సహజంగా అందరూ చేసే పని, విద్యార్థుల సంఖ్యను ఉపాధ్యాయుల సంఖ్యతో భాగించడం. 1950-51లో 15 లక్షలను 1.27 లక్షలతో భాగిస్తే 12 వస్తుంది. 2000-01లో 276 లక్షలను 17.61 లక్షలతో భాగిస్తే 16 వస్తుంది. అబ్బో, ఒక ఉపాధ్యాయుడికి పదహారు మందేనా అని ఆశ్చర్యపోయేలోపు ప్రభుత్వ ప్రచురణలోనే ఉన్న నిష్పత్తుల వరుస చూడండి: 1950-51లో 21, 1960-61లోనూ 1970-71లోనూ 25, 1980-81లో 27, 1990-91లో 31, 2000-01లో 32. మన భాగహారం తప్పు కాదు, వారి అంకె తప్పు కాదు. పైనున్న అంకె 9 నుంచి 12 తరగతుల పిల్లలది, కిందున్న అంకె ఆ బళ్లలో పనిచేసే ఉపాధ్యాయులందరిదీ. ఇందాకటి గణితం స్కూల్ అసిస్టెంట్ చెప్పే ఆరో తరగతి పిల్లలు పై అంకెలో లేరు, అతడు మాత్రం కింది అంకెలో నిండుగా ఉన్నాడు. ప్రచురణలోని 32 ఆ బళ్లలో చదివే పిల్లలందరినీ కలిపి తీసిన నిష్పత్తి.

అందుకని ఒక నియమం పెట్టుకోండి: ఉపాధ్యాయులను బడి రకం ప్రకారం లెక్కపెడితే పిల్లలను కూడా బడి రకం ప్రకారమే లెక్కపెట్టాలి, తరగతుల ప్రకారం లెక్కపెడితే ఇద్దరినీ తరగతుల ప్రకారమే లెక్కపెట్టాలి. ఈ నియమంతో పాత పట్టికను చదివితే కనిపించే సంగతి ఇది: యాభై ఏళ్లలో ఉపాధ్యాయులు 14 రెట్లు పెరిగినా ఒక్కొక్కరి మీద పడే పిల్లల భారం 21 నుంచి 32కి, అంటే సగానికి సగం పెరిగింది. పిల్లలు అంతకంటే వేగంగా బడికి వచ్చారు. అది దేశం సంతోషించవలసిన విషయమే. కాని ఆ సంతోషపు బరువును మోసింది తరగతి గదిలో నిలబడిన మనిషి.

ఆ తర్వాతి కథ ఇటు తిరిగింది. 2009లో కేంద్రం రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ మొదలుపెట్టింది. అదే ఏడాది వచ్చిన విద్యాహక్కు చట్టం 8వ తరగతి వరకే వర్తిస్తుంది కనుక 9, 10 తరగతుల ఉపాధ్యాయ నియామకాలకు ఊతమిచ్చిన పథకం ప్రధానంగా ఇదే. 2018లో దాన్ని సమగ్ర శిక్షలో కలిపారు. సెకండరీ స్థాయి నిష్పత్తి 2012-13లో 29.7 ఉండగా 2019-20 నాటికి 18.5కు వచ్చింది, హయ్యర్ సెకండరీలో 39.2 నుంచి 26.1కి తగ్గింది. పై తరగతులకు వెళ్లేకొద్దీ భారం ఎక్కువగా ఉండటం ఈ రెండు వరుసల్లోనూ చూడవచ్చు. ఈ అంకెలను మాత్రం 2000-01 నాటి 32 పక్కన పెట్టి ఒకే వరుసగా గీయకండి, అది బడి రకం లెక్క, ఇవి స్థాయి లెక్క.

నిష్పత్తి తగ్గినప్పుడు అందులో ఉపాధ్యాయులు పెరగడం వల్ల తగ్గింది ఎంత, పిల్లలు తగ్గడం వల్ల తగ్గింది ఎంత అని విడదీయడం నేర్చుకోండి. అన్ని తరగతులకూ కలిపి ఒక లెక్క చేసి చూపిస్తాను. 2021-22లో పిల్లలు 26.52 కోట్లు, ఉపాధ్యాయులు 95.07 లక్షలు, నిష్పత్తి 27.9. 2024-25లో పిల్లలు 24.69 కోట్లు, ఉపాధ్యాయులు 101.22 లక్షలు, నిష్పత్తి 24.4. మొత్తం తగ్గుదల 3.5. ఇప్పుడు ఉపాధ్యాయుల సంఖ్య 95.07 లక్షల దగ్గరే ఆగిపోయిందనుకుని పిల్లల కొత్త సంఖ్యను భాగించండి, 26 వస్తుంది. అంటే 3.5లో 1.9 పిల్లల సంఖ్య తగ్గడం వల్ల, 1.6 మాత్రమే ఉపాధ్యాయులు పెరగడం వల్ల వచ్చింది. సగం కంటే ఎక్కువ మెరుగుదల నియామకాల వల్ల రాలేదు. ఇదే పద్ధతి 9, 10 తరగతులకు మీ రాష్ట్రంలోనో మీ జిల్లాలోనో చేసి చూడండి.

గీత తెగిన చోట్లు

ఏ దీర్ఘకాలపు వరుసలోనైనా కొన్ని చోట్ల గీత తెగుతుంది. అక్కడ కలిపి గీయకుండా ఖాళీ వదలడం నిజాయితీ. మన దేశపు ఉపాధ్యాయ గణాంకాలలో అలాంటి చోట్లు ఇవి: ప్రాథమిక, ప్రాథమికోన్నత స్థాయికి ఒక సమాచార వ్యవస్థ, సెకండరీకి మరొకటి వేర్వేరుగా నడుస్తుండగా 2012-13 నుంచి రెండూ కలిసి యూడైస్ అయ్యాయి. 2018-19 నుంచి అది ఆన్‌లైన్ విధానంలో యూడైస్ ప్లస్ అయింది. 2022-23 నుంచి బడివారీ మొత్తాలకు బదులు ఒక్కొక్క విద్యార్థి వివరాలూ విడిగా నమోదు చేస్తున్నారు. ఈ మూడో మార్పు చాలా పెద్దది. 2021-22లో 26.52 కోట్లుగా ఉన్న విద్యార్థుల సంఖ్య మరుసటి ఏడాది 25.17 కోట్లయింది. ఒకే పిల్లవాడు రెండు బళ్లలో నమోదై ఉండటం వంటివి ఈ పద్ధతిలో బయటపడతాయి కనుక, తగ్గిన ఆ కోటి పైచిలుకు పిల్లలంతా బడి మానేశారని రాయడం పొరపాటు. పైన చేసిన విడదీత లెక్కలో కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పిల్లలు తగ్గడం వల్ల వచ్చిందన్న 1.9లో కొంత భాగం నమోదు పద్ధతి మారడం వల్ల వచ్చి ఉండవచ్చు.

కరోనా కాలపు కుంగుబాటు వేరే జాతిది. 2020-21లో 96.96 లక్షలున్న ఉపాధ్యాయులు 2021-22లో 95.07 లక్షలకు తగ్గారు. ఆ తగ్గుదల ప్రభుత్వ బళ్లలో కంటే ప్రైవేటు బళ్లలో ఎక్కువ. ఇది లెక్కింపు మార్పు కాదు, ఉద్యోగాలు పోయిన మనుషుల కథ. ఆ రోజుల్లో ప్రైవేటు బడి మూతపడి కూరగాయల బండి పెట్టుకున్న పంతులు గారి గురించి మనలో చాలామంది విన్నాం, కొందరం చూశాం. గీత మీద ఆ చిన్న గుంటను నున్నగా చేసి చూపించకండి.

రాష్ట్రాల వారీ లెక్కలో గీత తెగే మరో చోటు సరిహద్దులు మారడం. 2014 జూన్ 2కు ముందు ఆంధ్రప్రదేశ్ అన్న వరుసలో తెలంగాణ కూడా ఉంది. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్ అంకెను ముందటి దానితో పోల్చితే వేల ఉపాధ్యాయులు రాత్రికి రాత్రి మాయమైనట్టు వస్తుంది. మార్గం ఒకటే: పాత ఏళ్లకు జిల్లాల వారీ అంకెలు తీసుకుని పది తెలంగాణ జిల్లాలను ఒక పక్క, పదమూడు ఆంధ్ర జిల్లాలను ఒక పక్క కలుపుకోవాలి. భద్రాచలం వైపు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాలను కూడా సరిచూసుకోవాలి. 2000 నవంబరులో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్, జార్ఖండ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

పెరుగుదలకు కారణం వెతకడం

ఏ ఏడాది చివరనైనా ఉన్న ఉపాధ్యాయుల సంఖ్య అంటే ఏడాది మొదట ఉన్నవారికి కొత్తగా చేరినవారిని కలిపి, వెళ్లిపోయినవారిని తీసివేస్తే వచ్చేది. చేరినవారి సంఖ్య మనకు డీఎస్సీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) ప్రకటనల్లో దొరుకుతుంది. వెళ్లిపోయినవారి సంఖ్య ఎవరూ పట్టించుకోరు.

డీఎస్సీ అంకెలను వాడేటప్పుడు మూడు వడపోతలు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన మెగా డీఎస్సీలో పోస్టులు 16,347. అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371, మిగిలినవి టీజీటీ, పీజీటీ, ప్రిన్సిపాల్, వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులు. తెలంగాణలో 2024 డీఎస్సీ పోస్టులు 11,062. అందులో స్కూల్ అసిస్టెంట్లు 2,629, ఎస్జీటీలు 6,508. పత్రికల శీర్షికల్లో వచ్చేది మొత్తం అంకె. ఎస్జీటీ ప్రాథమిక తరగతులకు చెప్పేవాడు కనుక ఉన్నత పాఠశాల లెక్కకు మొదటి వడపోత పోస్టుది. రెండవది, ప్రకటించిన పోస్టుకూ చేరిన మనిషికీ ఉన్న తేడా. ఆంధ్రప్రదేశ్ డీఎస్సీలో చివరకు ఎంపికైనవారు 15,941 మంది. మూడవది పదోన్నతి. ఎస్జీటీగా ఉన్న ఉపాధ్యాయురాలు స్కూల్ అసిస్టెంట్‌గా పదోన్నతి పొంది హైస్కూల్లో చేరితే సెకండరీ లెక్క ఒకటి పెరుగుతుంది, ప్రాథమిక లెక్క ఒకటి తగ్గుతుంది, రాష్ట్రపు మొత్తం లెక్కలో మాత్రం ఏ మార్పూ ఉండదు. పదోన్నతులు పెద్ద ఎత్తున జరిగిన ఏడాది హైస్కూల్ ఉపాధ్యాయుల సంఖ్య పెరిగితే దాన్ని నియామకంగా చదవకండి.

వెళ్లిపోయేవారి విషయంలో పదవీ విరమణ వయసు చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో అది 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరి నుంచి 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 58 నుంచి 61 అయింది. వయసు మూడేళ్లు పెంచితే ఆ మూడేళ్లూ వయోపరిమితి వల్ల దాదాపు ఎవరూ ఇంటికి వెళ్లరు. ఒక్క కొత్త నియామకం లేకపోయినా సంఖ్య నిలబడుతుంది. గడువు ముగిసిన ఏడాది మళ్లీ విరమణలు మొదలవుతాయి, అప్పుడు గీత హఠాత్తుగా దిగుతుంది. ఆ ఏటి ప్రభుత్వాన్ని మెచ్చుకోవడానికో తిట్టడానికో ముందు ఆ తేదీలను పట్టిక పక్కన రాసుకోవాలి.

విద్యా వాలంటీర్లు, అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు, ఒప్పంద ఉపాధ్యాయులను కలిపిన లెక్కా కాదా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి. వారు పాఠం చెబుతున్నారు కాబట్టి బోధన లెక్కలో ఉండాలి, రేపు ఉంటారో లేదో తెలియదు కాబట్టి స్థిరమైన బలగం లెక్కలో విడిగా ఉండాలి. రెండు వరుసలు వేయడమే న్యాయం.

చివరగా ఒక్క బడి దగ్గరకు వెళ్లండి

దేశపు సగటు, రాష్ట్రపు సగటు తీశాక కనీసం ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లి ఆ అంకె అక్కడ ఎలా ఉందో చూడకపోతే పని సగమే అయినట్టు. ఎందుకంటే హైస్కూల్‌కు కావలసిన ఉపాధ్యాయుల సంఖ్య పిల్లల సంఖ్య మీద కంటే సెక్షన్ల మీద, సబ్జెక్టుల మీద ఎక్కువ ఆధారపడుతుంది.

ఒక ఊహాత్మక బడి తీసుకుందాం. 6 నుంచి 10 వరకు తరగతికి ఒక సెక్షన్ చొప్పున ఐదు సెక్షన్లు, పిల్లలు 105 మంది, తెలుగు, హిందీ, ఇంగ్లిష్, గణితం, భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం, సాంఘిక శాస్త్రం చెప్పే ఏడుగురు ఉపాధ్యాయులు. నిష్పత్తి 15. రోజుకు ఎనిమిది పీరియడ్లు, వారానికి ఆరు రోజులు అనుకుంటే ఐదు సెక్షన్లకు వారానికి 240 పీరియడ్లు. ఒక్కొక్కరికి సగటున 34. ఇప్పుడు భౌతిక శాస్త్రం ఉపాధ్యాయుడు బదిలీ అయి ఆ పోస్టు ఖాళీ అయిందనుకోండి. నిష్పత్తి 17.5 అవుతుంది, ప్రతి బడిలోనూ 30 లోపు ఉండాలన్న జాతీయ విద్యావిధానపు గీతకు అది ఎంతో దిగువన ఉంది కనుక జిల్లా నివేదికలో ఈ బడి పక్కన ఏ గుర్తూ పడదు. కాని మిగిలిన ఆరుగురి మీద వారానికి 40 పీరియడ్లు పడతాయి, పదో తరగతికి కాంతి, విద్యుత్తు పాఠాలు చెప్పేవారు ఉండరు. గమనించండి, పీరియడ్ల లెక్కలో పిల్లల సంఖ్య ఎక్కడా రాలేదు. 105 మంది బదులు 60 మంది ఉన్నా కావలసింది ఏడుగురే.

అందుచేత ఉన్నత పాఠశాలల విషయంలో మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, ఖాళీలు అనే మూడు అంకెలను సబ్జెక్టుల వారీగా అడిగి తీసుకోండి. డిప్యుటేషన్ మీద వేరే చోట పనిచేస్తున్నవారిని విడిగా అడగండి. కాగితం మీద వారు ఈ బడిలోనే ఉంటారు. పని సర్దుబాటు కింద పక్క ఊరి బడి నుంచి వారానికి మూడు రోజులు వచ్చి వెళ్లేవారినీ అలాగే రాసుకోండి, లేకపోతే రెండు బళ్లలోనూ ఒకే మనిషిని లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుల గదిలో గోడకు అతికించిన టైమ్‌టేబుల్ చూపించమని అడగండి. పదో తరగతి వరుసలో ఒక్కొక్క గడి కింద ఉపాధ్యాయుల పేర్ల మొదటి అక్షరాలు ఉంటాయి. ఏదైనా సబ్జెక్టు గడిలో అక్షరాలు కొట్టివేసి వేరే సిరాతో మార్చి ఉంటే, ఎప్పుడు మార్చారో, ముందు అక్కడ ఎవరి పేరుండేదో, ఇప్పుడు ఆ పాఠం చెబుతున్నవారి అసలు సబ్జెక్టు ఏమిటో అడిగి మీ పట్టికలో ఆ బడి ఎదురుగా రాసుకోండి.